18 యూరోల ఇంజన్

2016 అక్టోబరులో ఒక ఆదివారం. మేం జర్మనీ వచ్చి అప్పటికి ఏడు నెలలు. స్టుట్‌గార్ట్‌కి రైల్లో వెళ్లొచ్చే దూరంలో ఉన్న గోపింగెన్‌లో అద్దెకుంటున్నాం. ఇక్కడ ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు. మైదానంలో పాత సామాన్ల సంత పెట్టారంటే చూసొద్దామని వెళ్లాం. ఫ్లోమార్క్ట్ అంటారు దాన్ని. మా ఆవిడ ఇడ్లీ పిండికి లోతైన స్టీలు గిన్నె వెతుకుతోంది. నేను ఒక అట్టపెట్టె ముందు ఆగిపోయాను.

లోపల పాత న్యూస్‌పేపర్ల మధ్య ఒక చిన్న రైలింజన్. నల్లటి ఒళ్లు, ఎర్ర చక్రాలు, పొట్టి పొగగొట్టం. అరచేతిలో పట్టేంత ఉంది కానీ ఎత్తితే ఇనప ముద్దలా బరువు. ధర 20 యూరోలన్నాడు. మన బేరం బుద్ధి పోతుందా, 18కి తెచ్చుకున్నాను. గిన్నె మాత్రం దొరకలేదు.

అది మెర్‌క్లిన్ కంపెనీ 3000 నంబరు ఇంజన్. బీఆర్ 89 అనే చిన్న షంటింగ్ ఇంజన్‌కి (స్టేషన్లో పెట్టెల్ని అటూ ఇటూ మార్చేది) నమూనా. దశాబ్దాల పాటు పిల్లల మొదటి రైలు సెట్లలో వచ్చింది కాబట్టి ఇక్కడి ఏ సంతలో చూసినా ఒకటి కనిపిస్తుంది. అది నాకు అప్పుడు తెలియదు. ఏదో అరుదైన వస్తువు కొట్టేశాననే సంతోషంలో ఉన్నాను. ఆ కంపెనీ పుట్టింది నేనుంటున్న గోపింగెన్‌లోనే అనీ తెలియదు. 1859లో బొమ్మల వంటింటికి రేకు గిన్నెలు చేస్తూ మొదలుపెట్టి, 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా బొమ్మ రైలు పెట్టారట. రోజూ ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లోంచే ఆఫీసుకి వెళ్తూ గోడ మీద పేరు ఎప్పుడూ చదవలేదు.

ఇంజన్ కొన్నాను సరే, నడపాలంటే పట్టాలు కావాలి. వచ్చే నెల సంతలో ఇంకెవరి దగ్గరో ఒక సంచీడు పట్టాలు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. ఇంటికొచ్చి హాల్లో గుండ్రంగా బిగించి, ఇంజన్ పెట్టి నాబ్ తిప్పాను. చక్రాల కింద చిటుక్కుమని ఒక మెరుపు, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ తనంతట తనే ఆగిపోయింది. మూడుసార్లు తిప్పాను, మూడుసార్లూ అదే. 18 యూరోలు బూడిదలో పోశానన్నమాట అనుకున్నాను.

తర్వాతి సంతలో ఒక పెద్దాయన అసలు సంగతి చెప్పాడు. డెబ్బై దాటి ఉంటాయి. మడత కుర్చీలో కూర్చుని, ముందు బల్ల మీద ఒక మీటరు పట్టా పెట్టుకుని, వచ్చిన వాళ్ల ఇంజన్లన్నీ దాని మీద నడిపి చూపిస్తూ ఉంటాడు. నా ఇంజన్ తిరగేసి పొట్ట కింద ఉన్న సన్నని రేకు పట్టీని వేలితో మీటాడు. "దీన్ని ష్లైఫర్ అంటారు. ఇది మూడో పట్టాకి తగలాలి. మీరు కొన్న వాటికి మూడో పట్టా ఏది?" అన్నాడు.

బొమ్మ రైళ్లలో రెండు కులాలున్నాయని ఆ రోజు తెలిసింది. ఎక్కువ కంపెనీలు రెండు పట్టాల పద్ధతి వాడతాయి: డీసీ కరెంటు ఒక పట్టాలోంచి ఎక్కి రెండోదాంట్లోంచి దిగుతుంది. అందుకని ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య కరెంటు దాటకుండా ఇన్సులేషన్ ఉంటుంది. మెర్‌క్లిన్‌ది వేరు. ఏసీ కరెంటు. రెండు పట్టాలూ కలిసి ఒక వైరు, మధ్యలో స్లీపర్ల మీద వరసగా ఉండే చిన్న చిన్న లోహపు బొడిపెలు రెండో వైరు. ఆ బొడిపెల మీదే ష్లైఫర్ రాసుకుంటూ పోతుంది. చక్రాలకి ఇన్సులేషన్ అక్కర్లేదు, ఉండదు కూడా. అలాంటి ఇంజన్‌ని నేను రెండు పట్టాల మీద పెట్టాను. చక్రాల ఇరుసే రెండు పట్టాలనీ కలిపేసి షార్ట్ చేసింది. ఇంజన్‌కి ఏమీ కాలేదు.

పెద్దాయన దగ్గరే పాత రేకు పట్టాలు కొన్నాను. కంకర కూడా రేకు మీదే అచ్చుగుద్ది ఉంటుంది. కొంచెం తుప్పు పట్టాయి. ఆ రాత్రి ఇంజన్ మొదట మూలిగింది, తర్వాత కాలిన నూనె వాసన వేసింది, తర్వాత కదిలింది. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. నిద్రపోవలసిన టైమ్ దాటినా పడుకోనంది. నేనూ పడుకోలేదు.

అక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టిందనే చెప్పాలి. పద్నాలుగు నెలల్లో 41 ఇంజన్లు. హెచ్‌0 సైజు, అంటే అసలు దానిలో 87వ వంతు. ఎర్రటి వీ 200 డీజిల్ ఇంజన్, ఆకుపచ్చ కరెంటు ఇంజన్లు, స్విట్జర్లాండ్ గోటార్డ్ లైన్లో తిరిగిన పొడవాటి ముక్కుల క్రొకడైల్. ఆ క్రొకడైల్‌ని మా అమ్మాయి "మొసలి" అంటుంది. దాని ముక్కులు రెండూ వంపు దగ్గర విడివిడిగా తిరగడం చూస్తే ఆ మాటే సరైందనిపిస్తుంది. తెలియక ఒకే ఇంజన్‌ని రెండుసార్లు కొన్నాను కూడా. ఒకదాని మీద E 94 అని, ఇంకోదాని మీద 194 అని ఉంటే రెండు రకాలనుకున్నాను. పశ్చిమ జర్మనీ రైల్వే 1968లో కంప్యూటర్ కోసం నంబర్లన్నీ మార్చిందనీ, రెండూ ఒకటేననీ తర్వాత తెలిసింది. ఇక్కడ బొమ్మ రైళ్లు సేకరించేవాళ్లు ఎపోఖె మూడు, ఎపోఖె నాలుగు అని కాలాల వారీగా విడదీసుకోవడం అప్పటిదాకా నాకు చాదస్తంగా కనిపించేది.

ఇన్ని కొనగలగడానికి కారణం నా జీతం కాదు. పాత వాటి ధరలు పడిపోయాయి. క్రిస్మస్ చెట్టు కింద ఈ రైళ్లతో పెరిగిన తరం ముసలిదైపోయింది. వాళ్లు పోయాక అటక మీది పెట్టెలు పిల్లలు సంతకి తెచ్చి పడేస్తున్నారు. మెర్‌క్లిన్ కూడా 2009లో దివాలా పిటిషన్ వేసి, మళ్లీ లేచి, 2013లో సింబా డికీ గ్రూపు చేతికి వెళ్లింది. ఒక బల్ల మీద ఇంజన్లతో పాటు ఒక కుర్రాడి స్కూలు నోటుబుక్కు ఉంది. అందులో పెన్సిల్‌తో ఇంజన్ల జాబితా, ఏ పుట్టినరోజుకి ఏది వచ్చిందో తేదీలతో సహా. అమ్మే ఆవిడ దాన్ని ఊరికే తీసుకోమంది. తీసుకోలేకపోయాను.

మా ఆవిడ చాలాకాలం ఊరుకుంది. ఒకరోజు వంటింటి అల్మరా తెరిస్తే పప్పుల డబ్బాల వెనక మూడు ఇంజన్లు కనిపించాయి. "ఇవే చీరలైతే మీరిలాగే ఊరుకునేవారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

2018 క్రిస్మస్‌కి బోనస్ వచ్చింది. ఈసారి సంత సరుకు కాకుండా కొత్తది కొందామని బీఆర్ 103 తీసుకున్నాను. ఎరుపు, లేత పసుపు రంగుల్లో, గంటకి 200 కిలోమీటర్లతో టీఈఈ (ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్) రైళ్లు లాగిన ఇంజన్. లోపల ఇంజన్‌ని నడిపే చిప్పు, అంటే డిజిటల్ డీకోడర్, హారన్, ఫ్యాన్ల శబ్దం. పాత పద్ధతిలో కూడా నడుస్తుందని కాగితంలో ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మర్లు వాడొద్దని అందులోనే ఇంకో వాక్యం కూడా ఉంది, నేను చదవలేదు. ఆ పాత నీలం రంగు ట్రాన్స్‌ఫార్మర్లు ఇంట్లో 220 వోల్టులు వచ్చే రోజుల్లో చేసినవి. ఇప్పుడు వచ్చేది 230. పాత పద్ధతిలో ఇంజన్ దిశ మార్చాలంటే నాబ్‌ని సున్నా దాటించి ఎడమకి నొక్కాలి. అప్పుడు 24 వోల్టుల దెబ్బ ఒకటి పడుతుంది, దానికి లోపలి రిలే, అంటే దిశ మార్చే స్విచ్చు, టక్కున మారుతుంది. గోడ కరెంటు ఎక్కువైతే ఆ దెబ్బా ఎక్కువవుతుంది. ఇనప రిలే తట్టుకుంటుంది, చిప్పు తట్టుకోదు. ఒక్కసారి రివర్స్ కొట్టాను. హారన్ సగంలో ఆగింది. తప్పు పూర్తిగా నాదే. కొత్త డీకోడర్ వేయించడానికి అయిన ఖర్చు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు, ఇది తెలుగులోనే రాస్తున్నాను కాబట్టి చదివేస్తుందేమోనని ఇక్కడా చెప్పడం లేదు.

ఆ తర్వాత రెండు నిర్ణయాలు జరిగాయి. ఒకటి మా ఆవిడది: ఒకటి వస్తే ఒకటి పోవాలి. రెండోది నాది: నా చేత్తో విప్పి బాగుచేయగలిగిందే కొంటాను.

విప్పడం నేర్పింది కూడా ఆ పెద్దాయనే. పాత ఇంజన్ కదలడం లేదంటే నూటికి తొంభైసార్లు అది పాడైపోలేదు, నూనె గడ్డకట్టిందంతే. ఇరవై ముప్ఫై ఏళ్లు అటక మీద పడుంటే వేసిన నూనె గోధుమ రంగు బంకలా మారిపోతుంది. ఒక్క స్క్రూ విప్పితే పై ఒళ్లు మొత్తం ఊడి వస్తుంది. కింద మోటారు. దాని మూత రెండు స్క్రూలు. మూత తీసే ముందు, మోటారుకి కరెంటు అందించే రెండు బ్రష్షులూ తీయాలి. వాటిని నొక్కి ఉంచే తీగ స్ప్రింగులు వేలు జారితే ఎక్కడికి ఎగురుతాయో దేవుడికే తెలియాలి. నేను టార్చి వేసుకుని సోఫా కింద పాకిన రాత్రులు లెక్కలేదు. ఆ బ్రష్షులు రెండూ ఒకలాంటివి కావు. ఒకటి నల్లటి బొగ్గుది, ఇంకోటి రాగి జాలీ చుట్టినది. మొదటిసారి రెండూ బొగ్గువే వేసేసి ఎందుకు సరిగా తిరగదని గంటసేపు జుట్టు పీక్కున్నాను.

మోటారు ముందు భాగంలో బిళ్లలా ఒక రాగి చక్రం ఉంటుంది, మూడు ముక్కలుగా. ఆ ముక్కల మధ్య సందుల్లో బొగ్గు పొడి, నూనె కలిసి కాటుకలా పేరుకుంటుంది. టూత్‌పిక్‌తో గీకి తీయాలి, సూదితో కాదు. పళ్ల చక్రాలకి లైటర్లలో పోసే బెంజిన్, పాత టూత్‌బ్రష్. కిటికీలు తెరిచి పెట్టుకోవాలి, నేను శీతాకాలంలో కూడా తెరిచి చలికి వణుకుతూ చేశాను. ఆరిన తర్వాత ఇరుసుకి ఒక చుక్క నూనె. చుక్క అంటే సూది మొనకి అంటుకున్నంత. మనం కుట్టు మిషన్‌కి పోసినట్టు పోస్తే అది పట్టాల మీదికి కారి, దుమ్ము పట్టి, మళ్లీ మొదటికొస్తుంది. చివరగా చక్రాల మీది రబ్బరు రింగులు. పట్టా మీద జారకుండా పట్టునిచ్చేవి అవే. గాజులా గట్టిపడి ఉంటే తీసి కొత్తవి తొడగాలి.

అప్పుడు పట్టా మీద పెట్టి నాబ్ తిప్పితే ఒక శబ్దం వస్తుంది. కొత్త ఇంజన్ల స్పీకర్లోంచి వచ్చే శబ్దం కాదు, పళ్లు పళ్లు ఒరుసుకునే శబ్దం. ఆ శబ్దం కోసమే కొంటున్నానని అప్పుడు అర్థమైంది. షోకేసులో పెట్టడానికి మాత్రమే కొన్నవి నెమ్మదిగా అమ్మేశాను. మొసలిని అమ్మనివ్వనని మా అమ్మాయి అడ్డం పడింది.

కొనడంలో కూడా కళ్లు తెరుచుకున్నాయి. ముందు స్క్రూ తల చూస్తాను. గాడి అరిగి ఉంటే ఎవరో చాలాసార్లు కెలికారని. తర్వాత బఫర్లు, మెట్లు, కొక్కేలు అన్నీ ఉన్నాయా అని. యుద్ధానికి ముందువైతే ఒంటి మీద వెంట్రుక లాంటి బీటలున్నాయేమో చూస్తాను. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్ల తర్వాత అది లోపల్నుంచి ఉబ్బి బిస్కెట్‌లా విరిగిపోతుంది. దానికి మందు లేదు. పెట్టె ఉంటే ధర ఎక్కువ, కానీ పెట్టె మీది నంబరు, ఇంజన్ నంబరు ఒకటేనా అని చూడాలి. ఒకసారి నేను చూడలేదు. అమ్మినతను మరుసటి నెల సంతకి రాలేదు.

ఇంతకీ నాన్న సంగతి చెప్పాలి. నాన్న వాల్తేరు డివిజన్‌లో ఇంజన్ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. లోకో పైలట్ అనే పేరు తర్వాత వచ్చింది, ఆయన ఇప్పటికీ డ్రైవర్ అనే చెప్పుకుంటారు. చాలా ఏళ్లు కేకే లైన్, అంటే కొత్తవలస - కిరండూల్. అరకు మీదుగా కిరండూల్ నుంచి ఇనప ఖనిజం తెచ్చే దారి. వీడియో కాల్‌లో నా ఇంజన్లు ఒక్కొక్కటీ చూపిస్తుంటే "బావుందిరా, బావుందిరా" అనేవారు, కొత్త కోడలి వంట తిన్నట్టు. 2019లో ఒకరోజు ఉన్నట్టుండి అడిగారు. "ఒరేయ్, ఆసియా వాళ్లది దొరకదా?"

ఆసియా అంటే ఏఎస్‌ఈఏ, స్వీడన్ కంపెనీ. చిన్నప్పుడు నేను అది ఆసియా ఖండంలో తయారైన ఇంజనేమో అనుకునేవాణ్ణి. 1988 ప్రాంతంలో కేకే లైన్ ఘాట్ కోసం 18 ఇంజన్లు దిగుమతి చేశారు. అందులో ఆరు స్వీడన్‌వి, డబ్ల్యూఏజీ-6ఏ. మిగతా పన్నెండు హిటాచీవి. అన్నీ విశాఖ షెడ్‌లోనే ఉండేవి. నాన్న వాటి గురించి చెప్పేటప్పుడు చేయి గాల్లో కదిలిస్తారు. అప్పటిదాకా నడిపిన వాటిలో నాచ్ నాచ్‌కీ, అంటే కరెంటు పెంచే మెట్టు మెట్టుకీ, ఒక కుదుపు. థైరిస్టర్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు పెట్టిన వీటిలో మెట్లు లేవు, "పాల మీద మీగడ తీసినట్టు" లాగేదట.

డబ్ల్యూఏజీ-6ఏ బొమ్మ ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు దాని చుట్టాలని వెతికాను. ఏఎస్‌ఈఏ 1967 నుంచి స్వీడన్ రైల్వేకి ఆర్‌సీ అనే ఇంజన్లు చేసింది. థైరిస్టర్లతో పెద్ద సంఖ్యలో తయారైన మొదటి ఇంజన్లవి. ఆస్ట్రియా పది కొనుక్కుంది, అమెరికాలో ఆమ్‌ట్రాక్ వాడిన ఏఈఎం-7కి మూలం కూడా అదే. దాని బొమ్మ ఉంది. అది కూడా మూడు పట్టాల పద్ధతిలో. పెద్దాయనకి చెప్పి పెట్టాను. రెండేళ్లు పట్టింది. మధ్యలో కోవిడ్ వచ్చి సంతలే ఆగిపోయాయి. 2021 చివర ఆయన ఫోన్ చేశాడు. నారింజ రంగు ఆర్‌సీ, కొక్కెం ఒకటి లేదు, కదలదు, 45 యూరోలు. కదలదన్న మాట వినగానే సంతోషమేసింది.

2023 వేసవిలో నాన్న విజిటర్ వీసా మీద మూడు నెలలకి వచ్చారు. దిగిన రెండో రోజే ఇంజన్ చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని, తిప్పి చూసి, "దీనికి నాలుగు ఇరుసులే ఉన్నాయి. మాదానికి ఆరు" అన్నారు. అంతే, పక్కన పెట్టేశారు. రెండేళ్ల వెతుకులాట.

వారం తర్వాత ఆయన్ని గైస్లింగెన్ తీసుకెళ్లాను. మా ఊరి నుంచి ఉల్మ్ వైపు వెళ్లే దారిలో 1850లో వేసిన ఘాట్ అది. వెయ్యికి ఇరవై రెండున్నర ఎక్కుడు. నాన్న మనసులో లెక్క కట్టి "1 ఇన్ 44. మాది 1 ఇన్ 60" అన్నారు, మర్యాదగా. కొత్త హైస్పీడ్ లైన్ 2022లో వచ్చాక పెద్ద రైళ్లు అటు పోతున్నాయి గానీ గూడ్సు బళ్లు ఇంకా ఇటే. గంటన్నర నిలబడ్డాక ఒకటి వచ్చింది. ముందు ఒక ఇంజన్, చివర ఇంకో ఇంజన్ తోస్తూ. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకుని చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా అలాగే ఉన్నారు. తిరుగు రైల్లో అడిగారు: "నీ దగ్గర చెక్క ఏదైనా ఉందా?"

రెండు మీటర్ల ప్లైవుడ్ తెచ్చాం. పదకొండు రేకు పట్టాలు పట్టాయి. ఒక చివర నాలుగున్నర సెంటీమీటర్లు ఎత్తు పెట్టాలని స్కేలుతో కొలిచి పుస్తకాలు పేర్చారు. పది గూడ్సు పెట్టెలు తగిలించి ఆర్‌సీ పెట్టాం. సగం ఎక్కాక చక్రాలు జారుతూ అక్కడే తిరగడం మొదలెట్టింది. "ఇసుక వెయ్" అన్నారు నాన్న, అలవాటులో. ఇంజన్లలో పట్టా మీద ఇసుక వదిలే ఏర్పాటు ఉంటుంది కదా, అది. నేను రబ్బరు రింగులు మార్చాను. ఇంకో మూడు పట్టాలు ఎక్కింది, మళ్లీ ఆగింది.

"వెనకాల ఒకటి పెట్టు."

చేతికి దొరికింది ఆ 18 యూరోల నల్ల ఇంజనే. రెండూ ఒకే కరెంటు మీద నడుస్తాయి కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. దిశ మార్చే దెబ్బ కొట్టగానే ఆర్‌సీ ముందుకీ, నల్లది వెనక్కీ లాగాయి. నల్లదాని రిలే బద్ధకించింది. రెండోసారి కొడితే నల్లది గెంతు వేసి పట్టా దిగింది. నాన్న పెద్దగా నవ్వారు. "బండి ఇలా గెంతితే డ్రైవర్ని సస్పెండ్ చేస్తారురా." రిలే స్ప్రింగు సరిచేయడానికి నాకు సాయంత్రం మొత్తం పట్టింది. ఈలోగా ఆయన పెట్టెల వరస మార్చారు. తోసేటప్పుడు ఖాళీవి మధ్యలో ఉంటే నలిగి పట్టాలు తప్పుతాయట. వంటింట్లోంచి శనగలు తెచ్చి ఖాళీ పెట్టెల్లో పోశారు. మా ఆవిడ "మావయ్యగారూ, అవి రేపటికి నానబెట్టాలి" అంది. "రేపిచ్చేస్తానమ్మా" అన్నారు.

ఆ రాత్రి నాబ్ ఆయన తీసుకున్నారు. మా అమ్మాయిని గార్డుగా నిలబెట్టి పచ్చ కర్చీఫ్ ఊపమన్నారు. అది ఊపింది. నాబ్ ఎంత నెమ్మదిగా తిప్పారంటే బండి ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు. ముందు నారింజది, మధ్యలో శనగల పెట్టెలు, వెనక నల్లది. ఎక్కడా ఆగలేదు. చివరి పట్టా దగ్గర, అంచుకి నాలుగు వేళ్ల దూరంలో, ఎక్కడ ఆపాలో అక్కడే ఆపారు.

"టైమ్ ఎంతయిందో రాసుకో తల్లీ" అన్నారు. మా అమ్మాయి గోడ గడియారం చూసి లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో 9.42 అని రాసింది.